ఆగి ఉన్న బండి ఊగుతోంది

ఒరెగాన్ తీరం
నవంబరు 3, 1986

ఆర్వల్ అన్నయ్యకి,

నీ చెవులు ఎలా ఉన్నాయని అడగను. అడిగితే నువ్వు "బాగానే వినిపిస్తోంది" అని రాస్తావు, ట్విలా వదిన దాని కిందే చిన్న అక్షరాలతో "అబద్ధం" అని రాస్తుంది. ఈ పార్కుని చూసుకునే రేంజరు ఆఫీసులో ఫోను ఉంది కానీ, అందులో నేను ఎంత అరిచినా ఇక్కడి సముద్ర సింహాలు బెదిరి పారిపోవడమే తప్ప నీకు వినపడదు. అందుకే ఉత్తరం.

ఈ చలికాలమంతా ఈ పార్కులో విడిది చేసేవాళ్ళ మంచిచెడ్డలు చూసేది మేమే. మా చక్రాల ఇల్లు, అదే ఈ ట్రైలరు, నిలుపుకునే చోటూ కరెంటూ వాళ్ళిస్తారు, స్నానాల గదులు కడగడం, వచ్చినవాళ్ళకి కట్టెల మోపులు ఇవ్వడం మా వంతు. వచ్చేవాళ్ళే లేరు. వాన, స్ప్రూస్ చెట్లు, నేను, మా ఆయన వెండెల్. మా వరస చివర్లో ఒక పచ్చ వ్యాను ఉంది. అందులో గడ్డం మనిషి ఒకడు, పలకరిస్తే పలకడు.

ఇక అసలు సంగతి. మా ట్రైలరు ఊగుతోంది. నవ్వకు. నేను పొయ్యి దగ్గరికి నడిస్తే ఊగుతుంది, వెండెల్ మెట్టెక్కితే ఊగుతుంది, అది ఇన్నేళ్ళుగా అలవాటే. నేను చెప్పేది వేరు. తెల్లవారుతుండగా, ఇద్దరం పక్క మీద ఉండగా, బయట ఆకు కూడా కదలకుండా ఉండగా, బండి సన్నగా ఊగడం మొదలుపెడుతుంది. అల్మారాలో కప్పులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. కాసేపటికి ఆగుతుంది. మళ్ళీ మొదలవుతుంది. బయట ఎవరో గోడకి అరచెయ్యి ఆనించి నెమ్మదిగా నెడుతున్నట్టు ఉంటుంది.

వెండెల్ని లేపబోతే మెలకువగానే ఉంటాడు. "ఊగుతోంది కదా?" అంటే, "పాత బండి నెడ్రా, కింద స్ప్రింగు కమాన్లు మెత్తబడ్డాయి. ఊగక ఏం చేస్తుంది?" అని అటు తిరిగి పడుకుంటాడు.

జీవితమంతా ఫ్యాక్టరీలో ట్రైలర్లు బిగించినవాడివి. ఆగి ఉన్న బండి ఊగకుండా ఏం చెయ్యాలో రాయి. ఈ వయసులో భయం అని రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, భయంగానే ఉంది.

నీ చెల్లెలు,
నెడ్రా


ఎల్క్‌హార్ట్, ఇండియానా
నవంబరు 12, 1986

నెడ్రా,

నీ ఉత్తరం ట్విలా పైకి చదివింది. తరువాత నేను కళ్ళతో మళ్ళీ చదువుకున్నాను, ఎందుకంటే ఆవిడ తనకి నచ్చని చోట్లు మింగేస్తుంది. చెవుల గురించి రాసింది మాత్రం రెండుసార్లు చదివింది.

ముందు ఆ భయం తీసి పక్కన పెట్టు. ఊగని ట్రైలరు ఈ భూమ్మీద లేదు. అదేమిటి? రబ్బరు టైర్లు, వాటి మీద కమాన్లు, వాటి మీద ఒక పెట్టె. నువ్వు ఎంత నిలిపినా అది రోడ్డు మీదే ఉన్నాననుకుంటుంది. దాని మెడ వంచాలి.

మూలల్లో ఉన్న నాలుగు జాకీలూ బండిని పైకెత్తడానికి కాదు. అందరూ చేసే తప్పు ఇదే. ఎత్తితే చట్రం వంకరపోతుంది, తలుపు పట్టేస్తుంది. బరువు చక్రాల మీదే ఉండాలి, జాకీ నేలని గట్టిగా పట్టుకుంటే చాలు. రసమట్టం పెట్టి, పల్లంగా ఉన్న వైపు చక్రాల కింద పలకలు వెయ్యి. చక్రాలకి ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టు. మీ బండికి పక్కకి రెండేసి చక్రాలు కదా, ఆ రెండిటి సందులో పెట్టి బిగించే ఇనప పట్టీలు ఇక్కడి కొట్లో కొని విడిగా పంపుతున్నాను. ముందుకీ వెనక్కీ ఊగడం వాటితో సగం చస్తుంది. తరువాత బండి ముక్కు దగ్గరున్న జాకీతో ముందు భాగం కాస్త కిందికి దించు. తోక లేస్తుంది. అప్పుడు వెనక జాకీలు నేలకి ఆనించి, మళ్ళీ ముక్కు పైకి తీసుకొస్తే వాటి మీద బండి గట్టిగా కూర్చుంటుంది. చివరికి ముందు జాకీలు. ఒక్కో జాకీ కింద మందమైన చెక్క ఉండాలి. జాకీ ఎంత తక్కువ సాగితే అంత గట్టి. గుమ్మం మెట్టు కింద కూడా ఒక దిమ్మ పెట్టు.

ఇదంతా వెండెల్ చేత చేయించు, నువ్వు పొయ్యి దగ్గరుండి అజమాయిషీ చెయ్యి.

పక్క మీద ఉన్నప్పుడే ఎందుకు ఊగుతోందని ట్విలా అడుగుతోంది. మనిషి కదలకుండా ఉన్నప్పుడే కదా బండి కదలడం తెలిసేది అని చెప్పాను. తల ఊపి పిండి పిసకడానికి వెళ్ళిపోయింది. మన హైస్కూలు బాస్కెట్‌బాల్ జట్టు ఈ ఏడు కూడా దండగే.

అన్నయ్య,
ఆర్వల్


ఒరెగాన్ తీరం
నవంబరు 24, 1986

అన్నయ్యా,

నువ్వు పంపిన పట్టీలు చేరాయి. పని నేనే చేశాను. వెండెల్‌కి భుజం పట్టేసిందట. కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నా నెత్తిన నిలబడి, "ఇంకో తిప్పు, చాలు, అటు కాదు ఇటు" అంటూ స్కూలు బస్సులో పిల్లల్ని కూచోబెట్టినట్టు నన్ను ఆడించాడు. ముప్పై ఏళ్ళు బస్సు తోలిన మనిషి, చెప్పడం మానేస్తే ఊపిరాడదు. నేను బురదలో వెల్లకిలా పడుకుని అన్నీ బిగించాను. లేచేసరికి నా నడుము ఎవరిదో అన్నట్టుంది.

రెండు రోజులు ట్రైలరు ఇల్లులాగా నిలబడింది. నీకు కేకు చేసి పంపుదామనుకున్నాను. ఆ రెండు రోజులూ వెండెల్ నాకన్నా ముందే లేచి బయటికి పోయాడు, సముద్రం చూడ్డానికట. ఈ వానలో ఏం సముద్రమో.

మూడో రోజు కప్పులు మళ్ళీ మోగాయి.

వెలుతురు రాగానే కిందికి దూరి చూశాను. వెనక జాకీలు రెండూ వదులుగా ఉన్నాయి. మళ్ళీ బిగించాను. మూడు రోజులకి మళ్ళీ వదులు. అన్నయ్యా, జాకీలు తిప్పే హ్యాండిల్‌ని నేను కొక్కేనికి ఎప్పుడూ వంపు లోపలికి వచ్చేలా తగిలిస్తాను, లేకపోతే మోకాలికి కొట్టుకుంటుంది. ఇవాళ అది వంపు బయటికి ఉంది.

ఎవరో వచ్చి తిప్పుతున్నారు. మేం లోపల పడుకుని ఉండగా, మా పక్క కిందే, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఎవరో ఒక మనిషి పడుకుని మా ఇంటి మేకులు పీకుతున్నాడు. పచ్చ వ్యాను వాడి మీదే నా అనుమానం. వెండెల్‌కి చెబితే, "వాడికేం పని పాటా లేదా?" అన్నాడు. లేదు కాబట్టే కదా నేను భయపడేది.

గురువారం థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడి కాదు, చిన్న కోడి చాలన్నాడు వెండెల్. కొయ్యడం తన వల్ల కాదట, భుజం. మీ ఇంట్లో చేసే గుమ్మడికాయ తీపిలో నా వాటా నువ్వు తిను.

నెడ్రా


ఎల్క్‌హార్ట్
డిసెంబరు 4, 1986

నెడ్రా,

నీ వాటా తిన్నాను, ఇంకొకళ్ళ వాటా కూడా తిన్నాను. ఆ సంగతి వదిలెయ్.

మొదట నవ్వొచ్చింది. సముద్రం పక్క నేల మెత్తన, వానకి చెక్కలు నాని జాకీలు దిగబడి ఉంటాయి, అదేం దయ్యం కాదు అని రాద్దామనుకున్నాను. కాగితం మీద సగం రాశాను కూడా. హ్యాండిల్ సంగతి మళ్ళీ చదివాక ఆ కాగితం చించేశాను. నేల మెత్తబడితే జాకీ దిగుతుంది కానీ హ్యాండిల్ తనంత తాను తిరగదు.

ఇలా చెయ్యి. హ్యాండిల్ని బయట ఉంచకు, లోపల పెట్టి తలుపుకి గడియ వెయ్యి. ట్రైలరు కింద వాన పడదు కదా, అక్కడ జాకీల చుట్టూ పొడి ఇసుక పరిచి చీపురుతో చదును చెయ్యి. కుక్కో ఎలుగో మనిషో, వచ్చింది ఏదైనా దాని గుర్తు ఉండిపోతుంది. చూశాక రేంజరుకి చెప్పు. నువ్వు ఒక్కత్తివీ దాని వెంట పడకు.

వెండెల్ ఏమంటున్నాడు? నీ ఉత్తరాల్లో ఆయన మాటలు తక్కువ, నీ మాటలు ఎక్కువ. మన ఇంట్లో ఆడవాళ్ళందరిదీ అదే తీరు అనుకో. అయినా ఇంటి మగవాడు ఇంత నింపాదిగా ఉండటం నాకు నచ్చలేదు. నా ట్రైలరు కింద ఎవడైనా దూరితే వాడి కాళ్ళు పట్టి బయటికి లాగేవాణ్ణి.

ఆర్వల్


ఒరెగాన్ తీరం
డిసెంబరు 13, 1986

అన్నయ్యా,

ఇసుక పరవకుండా ఉంటే బాగుండేది.

ముందు ఇది విను. పచ్చ వ్యాను వెళ్ళిపోయి వారం దాటింది. పోతూ పోతూ నాకు చెయ్యి ఊపాడు పాపం, సిగ్గరి మనిషి అంతే. ఇప్పుడు ఈ పార్కులో మేం ఇద్దరమే. రేంజరు హాస్కెట్ పగటిపూట ఒకసారి జీపులో తిరిగి పోతాడు. హ్యాండిల్ని నేను కత్తుల సొరుగులో పెడుతున్నాను. తలుపుకి గడియ. అయినా జాకీలు వదులవుతున్నాయి. అంటే వాడి దగ్గర వాడిదే ఒక హ్యాండిల్ ఉందన్నమాట. తయారై వస్తున్నాడు.

ఇసుకలో అడుగులు లేవు. ఒక మనిషి వెల్లకిలా జరిగినంత వెడల్పున ఒక చార ఉంది. జాకీ దగ్గర, మోచెయ్యి ఆనే చోట, ఇసుక మీద సన్నటి గీతలు, పక్కపక్కనే, లెక్కలేనన్ని. చిన్న కుంచెతో ఎవరో అటూ ఇటూ, అటూ ఇటూ గీసినట్టు. ఏ జంతువూ అలా చెయ్యదు. ఏ మనిషి చేస్తాడో నాకు తెలియదు. 

వెండెల్‌ని తీసుకెళ్ళి చూపించాను. చాలాసేపు వంగి చూశాడు. లేచాక మొహం పాలిపోయి ఉంది. "రక్కూన్ ఏదో తిండికోసం దూరి ఉంటుంది" అన్నాడు. కాలితో ఆ గీతలన్నీ చెరిపేశాడు.

"రేంజరుకి చెబుదాం" అన్నాను.

"మనల్ని పిచ్చివాళ్ళనుకుంటాడు. వద్దు."

"అయితే పోదాం పద. బండి తగిలించు, ఇవాళే పోదాం."

"కొండల మీద మంచు పడుతోంది నెడ్రా."

మంచట. నడుములోతు మంచులో బడి పిల్లల్ని ఇళ్ళకి చేర్చిన మనిషి, ఒక్క గీత పడకుండా బస్సు తోలిన మనిషి, మంచుకి భయపడుతున్నాడు. నాకు అర్థమైంది ఒకటే. వాడెవడో వెండెల్‌కి తెలుసు. తెలిసి నాకు చెప్పడం లేదు. నిన్న కాఫీ తాగుతూ తలెత్తితే నా వంకే చూస్తున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మొహంలో భయం చూడటం ఇదే మొదలు.

పెనం దిండు పక్కన పెట్టుకుని పడుకుంటున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వు. నాకు రావడం లేదు.

నెడ్రా


ఎల్క్‌హార్ట్
డిసెంబరు 22, 1986

నెడ్రా,

నేను నవ్వడం లేదు. ఈ ఉత్తరం నువ్వు ఒక్కత్తివే ఉన్నప్పుడు చదువు. వెండెల్ ఇంట్లో ఉంటే మడిచి జేబులో పెట్టుకుని స్నానాల గదికి పో.

హ్యాండిల్ లోపల, కత్తుల సొరుగులో ఉంది. తలుపుకి లోపలి నుంచి గడియ ఉంది. మీ బండి జాకీలకి ఆ కొలత హ్యాండిల్ తప్ప ఇంకోటి పట్టదు, అది నాకు తెలుసు, అలాంటివి నేనే బిగించాను. ఎవడో తన హ్యాండిల్ తెచ్చుకోవడం అనేది నువ్వు కల్పించుకున్న మాట. లోపల ఉన్నవాడే తీసి, పని చేసి, మళ్ళీ లోపల పెడుతున్నాడు. లోపల ఉన్నది ఇద్దరు. అందులో నువ్వు కాదు.

గుర్తులు కాలితో చెరిపింది ఎవరు? రేంజరుకి చెప్పొద్దన్నది ఎవరు? పోదామంటే పోనివ్వనిది ఎవరు? భార్యని భయపెట్టి, ఆవిడకే మతి చలించిందని ఆవిడ చేతే నమ్మించే మగవాళ్ళు ఉంటారు. మా ఫ్యాక్టరీలో ఒకడు ఉండేవాడు. ఎందుకు చేస్తారో అడగకు, నాకు తెలియదు. వెండెల్ నాకు ఎప్పుడూ తిన్నగా కనిపించిన మనిషే. ఇది రాస్తూ రాస్తూ పెన్ను రెండుసార్లు కింద పెట్టాను.

ట్విలా ఒప్పుకోవడం లేదు. సంబంధం లేని ప్రశ్నలు వేస్తోంది. చొక్కా గుండీలు వెండెల్ తనే పెట్టుకుంటున్నాడా, సూపు తాగుతున్నాడా, కప్పు నిండా కాఫీ పొయ్యనిస్తున్నాడా అని. ముసలాళ్ళ ఆశ్రమంలో పని చేసి చేసి ఆవిడకి ఎవరిని చూసినా తినిపించాలనే ధ్యాస. నేను ప్రాణం గురించి మాట్లాడుతుంటే ఆవిడ సూపు గురించి మాట్లాడుతోంది. అయినా అడగమంది కనక అడుగుతున్నాను.

ఇంకొక మాట, నువ్వు కోప్పడతావు. మీ పార్కు అడ్రసుకి రేంజరు పేరన ఒక ఉత్తరం వేశాను. మా చెల్లెలి మీద ఒక కన్నేసి ఉంచండి, ఆవిడ భర్తతో జాగ్రత్త అని. పోస్టు డబ్బాలో వేశాక వెనక్కి తీసుకోలేం, తీసుకోను కూడా.

జాగ్రత్త. పెనం అక్కడే ఉంచు.

ఆర్వల్


ఒరెగాన్ తీరం
జనవరి 5, 1987

అన్నయ్యా,

నీ ఉత్తరమూ, నువ్వు రేంజరుకి వేసిన ఉత్తరమూ ఒకే సంచిలో వచ్చాయి. నాది నేను చదవడం పూర్తి కాకముందే హాస్కెట్ తనది చదివేసుకుని జీపెక్కాడు.

నేను స్నానాల గదిలో, నువ్వు చెప్పినట్టే, తడి నేల మీద నిలబడి చదివాను. లోపల ఉన్నది ఇద్దరు అన్న చోట కాగితం మడిచి, మళ్ళీ విప్పాను. నీ మీద కోపం రాలేదు. నమ్మాను. అది చెప్పాలి నీకు. ఆయన్ని కట్టుకుని ఇన్నేళ్ళయినా, ఆ తడి నేల మీద ఒక నిమిషం పాటు నిన్నే నమ్మాను.

తరువాత వదిన ప్రశ్నలు చదివాను. చొక్కా గుండీలు. వేసవిలోనే తన చొక్కాలన్నీ ఎవరికో ఇచ్చేసి నొక్కుడు గుండీల చొక్కాలు తెచ్చుకున్నాడు, సినిమా కౌబాయ్‌లా తయారయ్యావేమిటని నేను ఏడిపించాను. సూపు వద్దంటాడు, రొట్టె ముక్కలు చాలంటాడు. కాఫీ సగం కప్పు. కోడిని కొయ్యలేదు. కట్టెల చీటీలు నా చేతే రాయిస్తాడు. చేతులు ఎప్పుడూ జేబుల్లో. అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి అన్నయ్యా, నేను మాత్రం ట్రైలరు కింద చూస్తూ కూర్చున్నాను.

పరుగెత్తుకుంటూ వచ్చేసరికి హాస్కెట్ మా బల్ల దగ్గర, టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కుర్రాడు కాదు, పెళ్ళాం బిడ్డలున్నవాడు, ఆ పని అంటే వాడికీ ఇబ్బందే. వెండెల్ కూర్చుని ఉన్నాడు. ముందు కాఫీ ఉంది, తాగడం లేదు.

"అమ్మా, మీకిక్కడ ఎవరివల్లయినా ఇబ్బంది ఉందా?" అన్నాడు హాస్కెట్. వెండెల్ వంక చూడలేదు. "ఉంటే ఇప్పుడే నాతో రావచ్చు. సామాను తరువాత తీసుకోవచ్చు."

"ఏం ఇబ్బంది?" అన్నాడు వెండెల్.

"జాకీలు మీరే వదులు చేస్తున్నారని మీ బావగారు రాశారండీ. ఈవిడని భయపెట్టడానికి అని."

  వెండెల్ నా మొహం చూశాడు. నేను నమ్మిన ఆ ఒక్క నిమిషం ఇంకా నా మొహం మీదే ఉండి ఉంటుంది. ఆయన దాన్ని చూశాడు. అది నేను ఎప్పటికీ మర్చిపోను.

కుడి చెయ్యి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

చెయ్యి ఆగలేదు అన్నయ్యా. వేళ్ళు బల్ల మీద కొట్టుకుంటున్నాయి, బల్ల మీద కప్పూ, కప్పులో చెంచా మోగుతున్నాయి. ఆ మోత నాకు తెలుసు. ఇన్ని తెల్లవారుజాములు నేను విన్నది అదే. బల్ల కింద కాలు కూడా అంతే. 

"జాకీలు నేనే వదులు చేశాను. భయపెట్టడానికి కాదు," అన్నాడు. "బండి గట్టిగా నిలబడితే, కదులుతున్నది నేనని తనకి తెలిసిపోతుంది."

హాస్కెట్ టోపీ పెట్టుకుని, "నేను బయట ఉంటాను, ఎంతసేపైనా పర్లేదు" అని దిగిపోయాడు. నిజంగానే వానలో నిలబడ్డాడు.

వెండెల్ చెప్పినదంతా రాయలేను. నిద్రపోతే వణుకు ఆగిపోతుందట. తెల్లవారి మెలకువ రాగానే మొదలవుతుందట. అంటే అది మొదలైన ప్రతిసారీ ఆయన నా పక్కన మెలకువగా పడుకుని, నేను ఎప్పుడు కనిపెడతానో అని చూస్తూ ఉన్నాడు. నేను లేచే లోపల సొరుగులోంచి హ్యాండిల్ తీసుకుని కిందికి దూరేవాడు. ఇసుకలో ఆ గీతలు ఆయన మోచెయ్యి. చూపిస్తే ఆయన మొహం పాలిపోయింది ఎందుకంటే, తన వణుకు ఎలా ఉంటుందో ఆయన చూసుకోవడం అదే మొదటిసారి.

"మా నాన్నకీ ఇదే," అన్నాడు. "చివరికి అమ్మ చెంచాతో పోసేది. సగం గడ్డం మీదే. నువ్వు నాకు అలా పొయ్యడం నేను చూడలేను. కొన్నాళ్ళయినా నెపం బండి మీద పెడదామనుకున్నాను. బండికి ఏమన్నా బాధ లేదు కదా."

"నేను భయంతో చస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?" అన్నాను.

"నీకంటే నాకు ఎక్కువ భయం నెడ్రా. అందుకే ఊరుకున్నాను."

కోపంగా ఉంది. ఎంత ప్రేమ ఉన్నా కోపం పోవడం లేదు. హాస్కెట్ మమ్మల్ని తన జీపులోనే ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పార్కిన్సన్స్ అన్నాడు డాక్టరు. మాత్రలు ఇచ్చాడు, తగ్గిస్తాయి, పోగొట్టవు. వెనక ట్రైలరు కట్టుకుని మా ట్రక్కు తోలడం ఇక కుదరదన్నాడు. ఆ మాటకి వెండెల్ కిటికీలోంచి బయటికి చూశాడు. జబ్బు పేరు చెప్పినప్పుడు కూడా అలా చూడలేదు.

మార్చి ఆఖరుకి మా వంతు అయిపోతుంది, కొత్తవాళ్ళు వస్తారు. మేం కొండలు దాటి మీ దగ్గరికి రావాలి. తోలాల్సింది నేను. ఆ తోక కట్టుకుని నేను ఒక్క మలుపు కూడా తిప్పి ఎరగను. బయట ఎవడో ఉన్నాడనుకున్నప్పటి భయం ఇప్పుడు చాలా చిన్నదనిపిస్తోంది.

నువ్వు వెండెల్‌కి ఏదన్నా రాయి.

నెడ్రా


ఎల్క్‌హార్ట్
జనవరి 15, 1987

నెడ్రా,

వెండెల్‌కి ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు పాడు చేశాను. నేను గాడిదనని చెప్పు. మిగతాది ఎదురుగా చెబుతాను. ట్విలా నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే భరించలేకుండా ఉంది.

నేనే వచ్చి తోలుకొస్తానన్నాను. "వెనక లారీ హారన్ కొడితే నీకు వినపడుతుందా?" అంది. పెన్ను తీసుకున్నాను.

మలుపు వస్తే బండి తిప్పాలనిపించిన చోట తిప్పకు, ఇంకాస్త ముందుకి పోయాక తిప్పు. ట్రైలరు మూల కోసుకుంటూ వస్తుంది. దిగుడులో ముందే తక్కువ గేరులో పడు, మధ్యలో కాదు. ఇక ఒకటి మాత్రం మనసులో చెక్కుకో. పెద్ద లారీ పక్క నుంచి పోయినప్పుడు గాలికి ట్రైలరు తోక ఆడిస్తుంది. అప్పుడు నీ కాలు బ్రేకు మీదికి పోతుంది. పోనివ్వకు. నొక్కావో ట్రైలరు ముందుకొచ్చి మిమ్మల్ని మడిచేస్తుంది. యాక్సిలరేటరు వదిలి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, డాష్‌బోర్డు కింద ఉన్న చిన్న లివరు చేత్తో లాగు. అది ట్రైలరు బ్రేకు ఒక్కటే పడుతుంది. వెనక నుంచి పట్టుకుంటే సర్దుకుంటుంది. పార్కు ఖాళీగా ఉంది కదా, అక్కడే రోజూ తిప్పు. స్నానాల గది గోడకి గుద్దినా ఫరవాలేదు, ఎలాగూ కడిగేది నువ్వే.

నేర్పేది వెండెల్ అవ్వాలి. నా కాగితం చూసి నేర్చుకోకు. ఆయన పక్క సీట్లో కూర్చుని తిడితేనే నీకు వస్తుంది, ఆయనకి కూడా కాస్త ఊపిరాడుతుంది.

మీకోసం ఇంటి పక్కన కంకర పోయిస్తున్నాను. ట్రైలరు దాని మీద నిలుపుకోవచ్చు. ట్విలా మెట్ల దగ్గర పట్టుకోడానికి కమ్మీ పెట్టమంది. ఎవరికోసమని అడిగితే నా వంక చూసింది. అందరికోసం అంది.

ఆర్వల్


తూర్పు ఒరెగాన్, రోడ్డు పక్కన
ఏప్రిల్ 2, 1987

అన్నయ్యా, వదినా,

కొండలు దాటాం. ఇది పోస్టు చేసేసరికి ఇంకా ముందుకి వచ్చి ఉంటాం, ఉత్తరం కంటే మేమే ముందు చేరినా చేరతాం. అయినా రాయకుండా ఉండలేను. చేతులు స్టీరింగు పట్టుకున్నట్టే బిగుసుకుని ఉన్నాయి, పెన్ను పట్టుకుంటే వదులవుతాయేమోనని చూస్తున్నాను.

నేర్చుకోవడం గురించి ఒక్క ముక్కలో చెబుతాను. రెండు నెలల పాటు వెండెల్ నన్ను తిట్టినట్టు మన నాన్న కూడా తిట్టలేదు. "అద్దం చూడు. అద్దం అంటే నీ మొహం కాదు, రోడ్డు." "వెనక్కి తిప్పేటప్పుడు నీ బుద్ధికి తోచిన దానికి సరిగ్గా ఎదురుగా చెయ్యి, చాలు." కట్టెల షెడ్డు మూల ఒకటి పోయింది. హాస్కెట్ చూసి, చూడనట్టు జీపు తిప్పుకుపోయాడు. మేం బయల్దేరే రోజు గేటు దగ్గర నిలబడి వెండెల్‌తో చెయ్యి కలిపాడు, కుడి చెయ్యే, రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

ఇవాళ దిగుడులో అది జరిగింది. దుంగల లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. ట్రైలరు ఒకసారి ఊగింది, మళ్ళీ ఊగింది, వెనకనుంచి ఎవరో మా నడుం పట్టుకుని లోయవైపు లాగుతున్నట్టయింది. నీ ఉత్తరంలో ఉన్నదంతా మర్చిపోయాను. కాలు బ్రేకు మీదికి పోయింది.

"కాలు తియ్యి నెడ్రా," అన్నాడు వెండెల్. అరవలేదు. వెనక సీట్లో అల్లరి చేసే పిల్లవాడితో చెప్పినట్టు అన్నాడు. "తిన్నగా పట్టుకో. ఇప్పుడు లివరు. నెమ్మదిగా."

కాలు తీశాను. లాగాను. తోక సర్దుకుంది. చాలా దూరం పోయాక గానీ నాకు ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు, ఏడుస్తూనే తోలాను. ఆయన అద్దం చూడమని మాత్రం అన్నాడు.

ఇక్కడ విశాలంగా ఉందని రోడ్డు పక్కన ఆపాను. కాస్త నడుం వాల్చి పోదామన్నాడు. ట్రక్కుకి తగిలించే ఉంది కనక జాకీలు దించలేదు. ఆయన పడుకున్నాడు, నేను బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. మాత్రలు కొంచెం పని చేస్తున్నాయి. ఎన్నాళ్ళు చేస్తాయో డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన నాన్నకి ఎన్నాళ్ళు పట్టిందో కూడా అడగలేదు. భయంగా ఉంది వదినా. నువ్వు ఆశ్రమంలో ఇలాంటివాళ్ళని చూసి ఉంటావు. ముందు ముందు ఏం వస్తుందో నీకు తెలుసు, నాకు తెలియదు. వచ్చాక నాకు చెప్పు, ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా.

ఇప్పటిదాకా ట్రైలరు నిశ్శబ్దంగా ఉంది. బాగా నిద్రపట్టినట్టుంది, పట్టనీ అని కదలకుండా కూర్చున్నాను.

అల్మారాలో కప్పులు మోగుతున్నాయి. లేచాడు. కాఫీ పెట్టాలి, ఉంటాను.

నెడ్రా